రెండో రేడియో కొనే ముందు ఉన్న రేడియో ఏం చేస్తోందో చూద్దాం



ఈ పేజీల్లో మామూలుగా పాత ఫొటోలు, ఇంటిపేర్ల ముచ్చట్లు, గంజాం జిల్లా తెలుగు మాటలు, అమ్మమ్మల వంటలు వస్తుంటాయి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా విడి రాష్ట్రం కాకముందు నుంచీ, అంటే బ్రహ్మపురం ఇంకా మద్రాసు కింద ఉన్న రోజుల నుంచీ, ఇక్కడే ఉన్న ఇల్లు మాది. ఇంటికి ఎన్ని వారసత్వాలున్నాయో లెక్క పెడితే అందులో హ్యామ్ రేడియో కూడా ఒకటి. పెద్దనాన్నగారి టంకం పెట్టె ఇప్పుడు పిల్లల చేతికి వచ్చింది. అందుకే ఈసారి ఆ విషయంలో మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం.

మా మాట సూటిగా ఇదీ. ఇంట్లో ఒక రేడియో సెట్టు ఉన్నవాళ్లు రెండోది కొనే ముందు, లేదా సొంతంగా ట్రాన్స్‌మిటర్ కట్టుకోవాలనుకునే ముందు, ఒక చవక యూఎస్‌బీ స్పెక్ట్రమ్ అనలైజర్ కొనుక్కోవాలి. ఒక్కరికి బరువనిపిస్తే నాలుగిళ్లవాళ్లు కలిసి కొనుక్కోవాలి. గాలిలోకి ఏం వదులుతున్నామో చూసుకోకుండా మైకు బటన్ నొక్కడం, కళ్లకి గంతలు కట్టుకుని బండి నడపడం లాంటిదే. ఇన్నాళ్లూ అద్దం ఖరీదు లక్షల్లో ఉండేది కాబట్టి సర్దుకుపోయేం. ఇప్పుడు ఆ సాకు లేదు.

అసలు ఇది చూపించేదేమిటి?

రేడియో సంగతి తెలియని మన వాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు రేడియోలో ఒక స్టేషన్ పెట్టుకుంటే ఆ ఒక్కటే వినిపిస్తుంది. తలుపు సందులోంచి వీధిని చూసినట్టు. స్పెక్ట్రమ్ అనలైజర్ అంటే మేడెక్కి వీధంతా ఒకేసారి చూడడం. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా బలం. ఎక్కడెక్కడ సిగ్నల్ ఉందో అక్కడక్కడ గోపురంలా ఒక శిఖరం లేస్తుంది. ఏమీ లేని చోట గడ్డి మేటలా కింద చిన్న రొద ఉంటుంది.

ఇందులో మనకి కావలసింది మన శిఖరం కాదు. దాని పక్కన, దాని తర్వాత లేచే అక్కర్లేని శిఖరాలు. తంబురా తీగ మీటితే పంచమం, షడ్జం దాటి స్వయంభూ గాంధారం వినిపిస్తుంది కదా. తీగ ఒక్కటే, కాని దాని రెట్టింపు, మూడింతలు, అయిదింతల స్వరాలు వెంట వస్తాయి. ట్రాన్స్‌మిటర్ కూడా అంతే. 7.1 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతున్నాం అనుకుంటాం. వెనకాలే 14.2 మీద, 21.3 మీద, 28.4 మీద కూడా కొంత పోతూ ఉంటుంది. తంబురాలో అది అందం. రేడియోలో అది పక్కింటి వాకిట్లో మన చెత్త.

ఈ మూడూ హ్యామ్ బ్యాండ్లే కాబట్టి మన చెత్త మన తోటివాళ్ల వాకిట్లోనే పడుతుంది. అన్నిసార్లూ అలా కాదు. 28.5 మెగాహెర్ట్జ్ నాలుగింతలు 114 మెగాహెర్ట్జ్. అది విమానాలకి దారి చూపే పరికరాల చోటు. 21.2 అయిదింతలు 106, ఎఫ్ఎం రేడియో చోటు. 145 మెగాహెర్ట్జ్ చేతి సెట్టు రెండింతలు 290. అది హ్యామ్‌లకి ఇచ్చిన చోటే కాదు. లైసెన్సు మనకిచ్చింది మన బ్యాండ్లలో మాట్లాడమని. మిగతా చోట్ల పోయేదానికి మన దగ్గర ఏ కాగితమూ లేదు.

ఎంత తగ్గాలి? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిబంధనల ప్రకారం 5 వాట్ల హ్యామ్ సెట్టు నుంచి వచ్చే ఇలాంటి అక్కర్లేని సిగ్నల్ అసలు సిగ్నల్ కన్నా కనీసం 50 డెసిబెల్స్ కింద ఉండాలి. అంటే లక్షో వంతు. 5 వాట్లలో లక్షో వంతు 50 మైక్రోవాట్లు. ఇంత చిన్నదాన్ని చెవితో పట్టలేం. పవర్ మీటరు ముల్లు కదలదు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుకి అసలు తెలీదు. దాన్ని చూడాలంటే ఫ్రీక్వెన్సీని విడదీసి చూపించే పరికరమే కావాలి.

పెద్దనాన్నగారి కాలంలో ఏం చేసేవారు?

"మా రోజుల్లో ఇవేవీ లేవు, అయినా ప్రపంచమంతా మాట్లాడేం" అని పెద్దవాళ్లు అంటారు. నిజమే. కాని చూసుకోకుండా మాట్లాడేరు అనుకుంటే పొరపాటు. ఒక కాయిల్, ఒక వేరియబుల్ కండెన్సర్, ఒక డయోడ్, ఒక మైక్రో ఆమ్‌మీటర్ కలిపి వేవ్‌మీటర్ కట్టుకునేవారు. డిప్ మీటరు పెట్టి ట్యాంక్ కాయిల్ ఎక్కడ పలుకుతోందో చూసుకునేవారు. ఇంకో రిసీవరు తెచ్చుకుని, రెండింతల దగ్గర ట్యూన్ చేసి, తమ గొంతు తమకే వినిపిస్తోందేమోనని చెవి పెట్టేవారు. చేతిలో ఉన్న పరికరంతో చేతనైనంత కొలిచేరు. కొలవడం అనే అలవాటు ఆ తరానిది. పరికరం మాత్రమే కొత్తది. అలవాటు వదిలేసి పరికరాన్ని తప్పు పట్టడం ఏం న్యాయం?

అసలు మన వాళ్లలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాదులో ఉండే అష్‌హర్ ఫర్హాన్ గారు, వీయూ2ఈఎస్ఈ, తయారుచేసిన బిట్‌ఎక్స్ సెట్లు తెలియని హ్యామ్ ప్రపంచంలో తక్కువ. దొరికే మామూలు విడిభాగాలతో ఇంట్లో కట్టుకునే ట్రాన్స్‌సీవర్ అది. దాని తర్వాత 2017 చివర్లో మైక్రోబిట్‌ఎక్స్ వచ్చింది. చవక, తెరిచి ఉన్న డిజైను, సర్క్యూట్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. వేల మంది తెప్పించుకున్నారు. వాళ్లలో స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్న కొందరు దాన్ని తగిలించి చూసేరు. మొదటి వెర్షన్లలో కింది బ్యాండ్ల మీద హార్మోనిక్స్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కనిపించేయి.

ఫిల్టర్లో లోపం లేదు. ఫిల్టర్లని మార్చే రిలేల దగ్గర, ఫిల్టరు ఇవతలి తీగ నుంచి అవతలి తీగకి సిగ్నల్ దూకిపోతోంది. గట్టి తాళం వేసిన తలుపు పక్కనే కిటికీ తీసి ఉన్నట్టు. బొమ్మ గీసిన కాగితం మీద ఇది కనపడదు, ఎందుకంటే రిలే కాళ్ల మధ్య దూకుడు సర్క్యూట్ డయాగ్రంలో ఉండదు. కొలిస్తేనే కనపడుతుంది. ఆ తర్వాత రిలేల అమరిక మార్చి 5వ వెర్షన్ తెచ్చేరు. ఇందులో మేం తప్పు పట్టేది ఎవరినీ కాదు. తెరిచి పెట్టిన డిజైను, కొలిచి చెప్పిన వాడుకరులు, విని సవరించిన కర్త, మూడూ ఉన్నాయి కాబట్టే బాగుపడింది. అందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చెత్త అలాగే గాలిలో తిరుగుతూ ఉండేది. ఫర్హాన్ గారే తర్వాత యాంటుయినో అనే చిన్న కొలత పరికరాన్ని కూడా తయారుచేసేరు. కట్టేవాడికి కొలత ఎంత ముఖ్యమో దాన్నిబట్టి తెలుస్తుంది.

కంపెనీ సెట్టు కదా, మనకెందుకు?

ఇది రెండో అభ్యంతరం. కొన్న సెట్టుకి కొలతెందుకు, ఫ్యాక్టరీలో చూసే పంపుతారు కదా అని. మంచి కంపెనీ సెట్టుకి ఆ మాట చాలావరకు నిజం. కాని తుఫాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ మన వైపు జనం ఆన్‌లైన్లో తెప్పించుకునేవి అన్నిటికన్నా చవకైన చేతి సెట్లు. అమెరికాలో ఏఆర్ఆర్ఎల్ అనే హ్యామ్ సంఘం ప్రయోగశాల ఇలాంటి చేతి సెట్లని పరీక్షించి, చవక రకాల్లో చాలావాటికి హార్మోనిక్స్ అక్కడి నిబంధనలకి నిలవలేదని చెప్పింది. ఒకే పేరు, ఒకే డబ్బా, లోపల మాత్రం ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉండొచ్చు. పక్కింటాయన సెట్టు బాగుంది కాబట్టి మనదీ బాగుంటుందన్న భరోసా లేదు. ఎవరి సెట్టు వాళ్లు చూసుకోవాల్సిందే.

సొంతంగా కట్టుకునేవాళ్లకి ఇది ఇంకా అవసరం. ఇప్పటి కిట్లలో చాలావాటికి గుండెకాయ ఎస్ఐ5351 అనే చిన్న చిప్. దాన్నుంచి వచ్చేది చదరపు తరంగం. చదరపు తరంగంలో మూడింతల హార్మోనిక్ అసలుదాని కన్నా తొమ్మిదిన్నర డెసిబెల్స్ మాత్రమే తక్కువ. అక్కడి నుంచి 50కి దించే పనిలో చాలా భాగం లో పాస్ ఫిల్టరుదే. ఆ ఫిల్టర్లో కాయిల్‌కి రెండు చుట్లు తక్కువైనా, సీ0జీ రకం కెపాసిటర్ బదులు చేతికందిన పిల్లల గోలీ రంగు సిరామిక్ వేసినా, లెక్క తప్పుతుంది. సెట్టు మాత్రం శుభ్రంగా పలుకుతుంది. అవతలివాళ్లు "బాగా వినిపిస్తున్నారు" అంటారు. అదే ప్రమాదం. అవతలివాళ్లు వింటున్నది మన అసలు శిఖరాన్ని. మిగతా శిఖరాల గురించి వాళ్లకేం తెలుసు?

ఏది కొనాలి?

ఇక్కడ రెండు రకాల పరికరాలున్నాయి. రెండూ యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకి తగిలించుకునేవే, కాని రెండూ ఒకటి కావు.

మొదటిది, టీవీ చూడడానికని తయారైన పుల్ల లాంటి ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్. 2012 ప్రాంతంలో దీన్ని మామూలు రేడియోగా వాడుకోవచ్చని తెలిసి హ్యామ్‌లు ఎగబడ్డారు. వినడానికి చాలా మంచిది, అన్నిటికన్నా చవక. కాని ఒక్కసారి చూపించేది రెండున్నర మెగాహెర్ట్జ్ లోపే. పైగా లోపల 8 బిట్ల కొలతే కాబట్టి, పెద్ద సిగ్నల్ పక్కన లక్షో వంతు చిన్న సిగ్నల్‌ని నమ్మకంగా చూపించలేదు. మన ట్రాన్స్‌మిటర్ పక్కన పెడితే తనే గొంతు బొంగురుపోయి లేని శిఖరాలు బోలెడు చూపిస్తుంది. వినడానికి వాడండి, హార్మోనిక్స్ తీర్పు చెప్పడానికి వద్దు.

రెండోది టైనీఎస్ఏ. ఎరిక్ కాస్‌హూక్ అనే డచ్చి హ్యామ్ రూపొందించిన ఇది 2020లో బయటికొచ్చింది. పేకముక్కంత పరికరం, లోపల బ్యాటరీ, ముందు చిన్న టచ్ తెర. ఒంటరిగానూ పనిచేస్తుంది, యూఎస్‌బీతో కంప్యూటర్ పెద్ద తెర మీదా చూపిస్తుంది. మొదటి మోడల్ తక్కువ ఫ్రీక్వెన్సీ కనెక్టర్ 100 కిలోహెర్ట్జ్ నుంచి 350 మెగాహెర్ట్జ్ దాకా, రెండోది 240 నుంచి 960 మెగాహెర్ట్జ్ దాకా చూస్తాయి. తర్వాత వచ్చిన అల్ట్రా మోడల్ తెర పెద్దది, మామూలుగానే 800 మెగాహెర్ట్జ్ దాకా చూస్తుంది, సన్నటి తేడాలు కూడా పడుతుంది. హెచ్ఎఫ్ మీద మాత్రమే పనిచేసేవాళ్లకి మొదటిది చాలు. 145 మెగాహెర్ట్జ్ చేతి సెట్లు చూడాలంటే మూడింతలు 435 దగ్గర పడుతుంది కాబట్టి అల్ట్రా మేలు. మొదటి మోడల్ రెండో కనెక్టర్లో లోపలి వడపోత అంత గట్టిది కాదు, అక్కడ కనిపించే ప్రతి శిఖరాన్నీ నమ్మకూడదు.

నకిలీలు బాగా ఉన్నాయి. రూపకర్త నిర్వహించే పేజీలో నమ్మకమైన అమ్మకందార్ల పట్టిక ఉంటుంది, అది చూసి కొనండి. వచ్చిన రోజే దానితో వచ్చిన చిన్న కేబుల్ తగిలించి సెల్ఫ్ టెస్ట్ నడపండి. అన్నీ పచ్చగా వస్తేనే ఉంచుకోండి.

కొనడం కాదు, వాడడం తెలియాలి

అసలు మేం ఈ ముక్క రాయాలనుకున్నది ఇందుకే. పరికరం చవకైంది కాబట్టి తెలియకుండా వాడితే రెండు నష్టాలు. ఒకటి, పరికరం కాలిపోతుంది. రెండోది ఇంకా చెడ్డది. పరికరం బతికే ఉండి తప్పు చెబుతుంది, మనం నమ్మేస్తాం.

మొదటి మోడల్ భరించగల హద్దు 10 మిల్లీవాట్లు. మన చిన్న సెట్టు 5 వాట్లు. అంటే అయిదు వందల రెట్లు. నేరుగా తగిలిస్తే ఒక్క క్షణం చాలు. అందుకని మధ్యలో అటెన్యుయేటర్ ఉండాలి, అంటే బలాన్ని తగ్గించే మెట్లు. లెక్క ఇలా వేసుకోండి. 5 వాట్లు అంటే 37 డీబీఎం. ముందు కనీసం 10 వాట్లు భరించే 40 డెసిబెల్ అటెన్యుయేటర్. అది డమ్మీ లోడ్ పని కూడా చేసేస్తుంది. దాని తర్వాత మైనస్ 3 డీబీఎం మిగులుతుంది. కాలదు, కాని ఇంకా ఎక్కువే. నమ్మకమైన కొలతకి మైనస్ 25 కన్నా కిందకి దించాలి. కాబట్టి ఇంకో 30 డెసిబెల్ చిన్న అటెన్యుయేటర్. ఇప్పుడు మైనస్ 33. హార్మోనిక్ దీనికన్నా 50 కింద, అంటే మైనస్ 83 కన్నా కింద ఉంటే మన సెట్టు నిలిచినట్టు. మైనస్ 83 టైనీఎస్ఏకి స్పష్టంగా కనిపించే ఎత్తే.

ఈ రెండు అటెన్యుయేటర్లూ లేకుండా అనలైజర్ కొనకండి. మొత్తం ఖర్చులో వాటికీ చోటు పెట్టుకోండి. అవి లేని అనలైజర్ గట్టు లేని చెరువు.

కొందరు తీగలు తగిలించకుండా, అనలైజర్‌కి చిన్న యాంటెన్నా పెట్టి, సెట్టు దూరంగా పెట్టి చూస్తారు. ఏదో ఉందా లేదా అని చూడడానికి అది చాలు. తీర్పుకి చాలదు. ఆ చిన్న యాంటెన్నా 7 మెగాహెర్ట్జ్‌ని సరిగా పట్టదు, 28ని బాగా పడుతుంది. దాంతో హార్మోనిక్ లేనంత పెద్దదిగా కనిపిస్తుంది. ఆ బొమ్మ చూసి మంచి సెట్టుని పారేసినవాళ్లూ ఉంటారు.

ఇంక ముఖ్యమైన పరీక్ష. తెర మీద హార్మోనిక్ కనిపించింది. అది సెట్టు నుంచి వచ్చిందా, అనలైజర్ లోపలే పుట్టిందా? బయట ఇంకో 10 డెసిబెల్ అటెన్యుయేటర్ వేసి చూడండి. అసలు శిఖరం 10 తగ్గుతుంది. హార్మోనిక్ కూడా సరిగ్గా 10 తగ్గితే అది సెట్టుదే. రెండింతల దగ్గరున్నది 20, మూడింతల దగ్గరున్నది 30 తగ్గితే అది అనలైజర్ సృష్టి, సెట్టు నిర్దోషి. పదో తరగతి పిల్లలకి కూడా అర్థమయ్యే పరీక్ష ఇది. కాని ఇది చేయకుండా తెర ఫొటో తీసి అందరికీ పంపి, ఫలానా సెట్టు చెత్త అనేయడం ఈ మధ్య ఎక్కువైంది. సాక్షిని అడ్డప్రశ్న వేయకుండా తీర్పు చెప్పకూడదు. అనలైజర్ సాక్షి మాత్రమే, జడ్జి మనమే.

"ఇది బొమ్మ పరికరం, లక్షల ఖరీదు ల్యాబ్ పరికరం ముందు ఎంత?" అనేవాళ్లకి మా జవాబు కూడా ఇదే. దీనికి హద్దులున్నాయి. అంకెలో ఒకటి రెండు డెసిబెల్స్ తేడా రావచ్చు. సర్టిఫికెట్ ఇచ్చే పని దీనిది కాదు. కాని మనకి కావలసింది 48ా 49ా అన్న తగువు కాదు. 50 ఉండాల్సిన చోట 30 ఉందా అన్నది. ఆ సంగతి ఇది ఖచ్చితంగా చెబుతుంది. జ్వరం ఉందో లేదో తెలియడానికి ఇంట్లో థర్మామీటర్ చాలు, ఆస్పత్రి ల్యాబ్ అక్కర్లేదు.

ఫిల్టర్లు తయారుచేసుకునేవాళ్లకి ఒక మాట. టైనీఎస్ఏ సిగ్నల్ పుట్టించగలదు, చూడగలదు, కాని రెండూ ఒకేసారి చేయలేదు. ఫిల్టర్ వంపు మొత్తం గీయాలంటే నానోవీఎన్ఏ అనే ఇంకో చవక పరికరం సరైనది. నాలుగిళ్లు కలిస్తే ఒకింట్లో ఇది, ఇంకో ఇంట్లో అది.

తుఫాను లెక్క

మన వైపు వాళ్లకి రేడియో అంటే సరదా ఒక్కటే కాదు. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశాలో సందేశాలు అందించినవాళ్లలో హ్యామ్‌లు ఉన్నారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018లో తిత్లీ పలాస వైపు వచ్చి గంజాం, గజపతి, శ్రీకాకుళం మూడింటినీ తుడిచిపెట్టింది. సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న మన చుట్టాలు ఒకరి క్షేమం ఒకరికి తెలియక రోజులు గడిపేరు. ఇక్కడి నుంచి శ్రీకాకుళానికి మాట అందించడానికి 7 మెగాహెర్ట్జ్, ఒక కారు బ్యాటరీ, ముప్పై మూడు అడుగుల చొప్పున రెండు వైపులా తీగ చాలు.

మాట అందడానికి అవతలి సిగ్నల్ మనకి వినిపించాలి కదా. ఇక్కడే అనలైజర్ రెండో పని. చెత్త మనం వదిలేదే కాదు, మన ఇంట్లోనే పుట్టేదీ ఉంది. ఇన్వర్టర్, ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, డాబా మీద సోలార్ చార్జ్ కంట్రోలర్, వీటిలో చవకవి చాలా హెచ్ఎఫ్ మీద రొద చేస్తాయి. కరెంటు పోయినప్పుడు ఊరంతా నిశ్శబ్దం, రేడియోకి స్వర్గం. కాని అదే సమయానికి మన ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్ పని మొదలుపెడతాయి. వాటి రొద ఎస్9 దాకా లేచి కూర్చుంటే ఎస్5లో వచ్చే బలహీనమైన స్టేషన్ ఎలా వినిపిస్తుంది? ఒక్కో ఎస్ మెట్టు 6 డెసిబెల్స్, అంటే ఆ స్టేషన్ రొద కన్నా 24 డెసిబెల్స్ కింద ఉండిపోతుంది. అవతల ఎవరో సాయం అడుగుతున్నా మనకి తెలియదు.

దీనికి తుఫాను దాకా ఆగనక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున్న మెయిన్ ఎంసీబీ దించండి. టైనీఎస్ఏ బ్యాటరీ మీదే నడుస్తుంది. కోయాక్స్ కేబుల్ చివర రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్ద చుట్టు చేసి దాన్ని ప్రోబ్‌గా తగిలించండి. తెర మధ్యలో 7.1 మెగాహెర్ట్జ్, చుట్టూ అర మెగాహెర్ట్జ్. ముందు ఖాళీ తెర ఎలా ఉందో చూసి గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇన్వర్టర్ వేసి దగ్గరకి తీసుకెళ్లండి. ఆ తర్వాత ఒక్కో బల్బు, ఒక్కో చార్జర్. గడ్డి లేచిన చోట దొంగ దొరికినట్టే. కొన్నిటికి తీగని ఫెరైట్ రింగు చుట్టూ ఏడెనిమిది చుట్లు తిప్పితే సరిపోతుంది. కొన్నిటిని మార్చెయ్యాలి. రేడియో నడిచే గదిలో ఏ బల్బు వెలగాలో, ఏ చార్జర్ ఉండకూడదో కాగితం మీద రాసి గోడకి అంటించండి. అక్టోబరు ఎప్పుడూ ముందుగా చెప్పి రాదు.

యాంటెన్నా మార్చడం, పవర్ పెంచడం, కొత్త సెట్టు కొనడం, వీటన్నిటికన్నా ముందు ఈ పని చేస్తే వినికిడి ఎక్కువ బాగుపడుతుందని మా నమ్మకం. 5 వాట్లని 50 చేస్తే మనకి దక్కేది 10 డెసిబెల్స్. రొద తగ్గిస్తే 20, 30 కూడా దక్కొచ్చు.

పిల్లలు, తెలుగు, బల్ల

ఈ పేజీ చదివేవాళ్లకి ఇంకో సంగతి. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు. బజారులో ఒడియా, హిందీ. తెలుగు ఇంటికి, వంటింటికి, అలకలకి మిగిలిపోయింది. హోసూరులోనూ, బళ్లారిలోనూ, షోలాపురంలోనూ మన వాళ్లు చెప్పేది ఇదే. భాష బతకాలంటే దానితో పని జరగాలి. లెక్క వెయ్యాలి, వాదించాలి, "కాదు, నువ్వు తప్పు కొలిచేవు" అనాలి.

ఈ బల్ల దగ్గర అది జరుగుతుంది. శిఖరం, మెట్టు, అడుగు, రొద, చుట్టు, టంకం. ఇంగ్లీషు మాటలూ ఉంటాయి, ఉండనివ్వండి. అటెన్యుయేటర్‌ని అటెన్యుయేటర్ అనే అంటాం. కాని "ఎందుకు తగ్గింది?" అన్న ప్రశ్న, దానికి జవాబు తెలుగులో జరుగుతాయి. కనిపించే తెర ఉంటే తాతగారు, మనవరాలు ఇద్దరూ ఒకే గీత చూస్తూ మాట్లాడుకోవచ్చు. తాతగారికి వేవ్‌మీటర్ తెలుసు, అమ్మాయికి టచ్ తెర తెలుసు. ఎవరూ ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు.

లైసెన్సు లేని పిల్లలు కూడా ఈ పనిలో చాలావరకు చేయొచ్చు. రొద వెతకడం, ఫిల్టర్ చుట్టడం, గీతలు చదవడం వాళ్లకి అప్పగించండి. ప్రసారం మాత్రం లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి, పరీక్ష కూడా డమ్మీ లోడ్ మీదే. ఈ ఆసక్తితోనే రేపు వాళ్లు పరీక్ష రాస్తారు. హైదరాబాదులో 1983 నుంచీ ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో లాంటివి ఆ దారి చూపించడానికే ఉన్నాయి.

మేం అడిగేది

చివరగా మూడు పనులు. ఒకటి, మీ ఊళ్లో హ్యామ్ సెట్లున్న మన ఇళ్లు కలిసి ఒక టైనీఎస్ఏ, రెండు అటెన్యుయేటర్లు కొనండి. రెండు, ఏ సెట్టు వచ్చినా, ఏది కట్టినా, గాలిలోకి వదిలే ముందు కొలిచి ఒక నోటుపుస్తకంలో రాయండి. తేదీ, సెట్టు, పవర్, వేసిన అటెన్యుయేటర్లు, రెండింతలు మూడింతల దగ్గర ఎంత. ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి. పాత అంకెతో పోలిస్తే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. మూడు, అక్టోబరు రాకముందే ఇంటి రొద వెతకండి.

మన పెద్దలు ఈ ఊళ్లకి వచ్చి స్థిరపడ్డప్పుడు పక్కవాళ్లకి ఇబ్బంది కాకుండా బతికేరు కాబట్టే మనల్ని తమ వాళ్లుగా చూసుకున్నారు. గాలిలో కూడా మనకి పక్కిళ్లున్నాయి. వాళ్లకి మన ముఖాలు కనపడవు, మన సిగ్నలే కనపడుతుంది.

మీ ఇంట్లో పాత వేవ్‌మీటర్లు, డిప్ మీటర్లు ఏమైనా మిగిలి ఉంటే పారేయకండి. వాటి ఫొటోలు, ఎవరు ఎప్పుడు ఎలా వాడేరో ఆ కథలు మాకు రాయండి. టైనీఎస్ఏ వాడుతున్నవాళ్లు మీ నోటుపుస్తకంలోని ఒక పేజీ కూడా పంపండి. రెండూ పక్కపక్కనే ఇక్కడ వేద్దాం.